వెనకాలే నడిచే ఫ్లెక్సీ

సుఖవ్యాధుల పరీక్ష చేయించుకునే యువతకి ఐదొందలిచ్చే పథకం మా జిల్లాకి వచ్చాక, ఆ డబ్బు తీసుకున్న ప్రతి ఒక్కరి వెనకా ఒక ఫ్లెక్సీ నడవడం మొదలైంది. ఇందులో వింతేమీ లేదు. సన్మానం చెయ్యకుండా సర్కారు సొమ్ము చేతికివ్వడం మా వైపు ఆనవాయితీ కాదు.

హేమశ్రీ చెప్పుల షాపులో పనిచేస్తుంది. ఎన్నాళ్లుగానో పొత్తికడుపులో నొప్పి. తల్లి వాము నీళ్లిచ్చినా తగ్గక పరీక్షకి వెళ్లింది. ఐదొందలు తీసుకుని బయటికొచ్చేసరికి నిలువెత్తు ఫ్లెక్సీ ఎదురుచూస్తోంది. శాలువాతో ఆమె ఫొటో, చుట్టూ నాయకుల నవ్వులు, "సుఖవ్యాధి పరీక్ష చేయించుకున్న మన ఆడపడుచుకి శుభాభినందనలు". అడుగున చిన్న అక్షరాల్లో, "వివరాలు గోప్యంగా ఉంచబడును".

ఫ్లెక్సీ ఆమెతోపాటే బస్సెక్కింది. కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడు. షాపు యజమాని మొదటిరోజు దాన్ని బయట నిలబెట్టి రమ్మన్నాడు. మర్నాడు ఇద్దర్నీ బయటే ఉండమన్నాడు.

పరీక్షలో హేమశ్రీకి జబ్బుందని తేలింది. ఆమెతో తిరిగి అది అంటించిన కుర్రాడు మాత్రం పరీక్షకి పోలేదు. వెనక ఫ్లెక్సీ లేదు కనక అతనికి జబ్బూ లేదు. ఇంట్లోవాళ్లు సంబంధాలు చూస్తున్నారు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

హేమశ్రీకి జబ్బుందని తేలింది. కొద్దిరోజులు మాత్రలు మింగితే పోయేదే.

"మాత్రల్లేవండమ్మా," అన్నాడు ఆసుపత్రి గుమస్తా సత్తిబాబు. "డబ్బంతా ఫ్లెక్సీలకే అయిపోయిందండి."

"బయట కొనుక్కుంటానండి. చీటీ రాయించండి."

"ఆయ్, అలాగేనండి. చీటీ రాస్తే ఇంకో ఫ్లెక్సీ వస్తదండి. వైద్యం పొందుతున్నందుకు."

హేమశ్రీ వెనకున్న ఫ్లెక్సీని వేలితో చూపించింది. "మరి ఇది పోవాలంటే?"

"ఐదొందలూ తిరిగి కట్టెయ్యండమ్మా. పరీక్షే జరగనట్టు రాసేస్తాం. మా లెక్కలో జబ్బు కూడా ఉండదండి."

ఆమె కట్టేసింది. ఫ్లెక్సీ తనంతట తనే చుట్ట చుట్టుకుని గోడౌనుకి వెళ్లిపోయింది. షాపువాళ్లు మర్నాడే పనిలోకి పిలిచారు. చాలామంది ఇలాగే కట్టేయడంతో జిల్లాలో జబ్బులు బాగా తగ్గిపోయాయి. అందుకు కలెక్టరుగారికి శాలువా కప్పారు. మాత్రలకి దొరకని డబ్బు శాలువాకి ఎక్కడినుంచి వచ్చిందని అడిగినవాడు లేడు.

వారం తిరక్కుండా, షాపులో కొత్తగా చేరిన కుసుమ పొత్తికడుపు పట్టుకుని పక్కకొచ్చింది.

"అక్కా, రోజూ ఒకటే నొప్పి. పరీక్షకి వెళ్లనా?"

హేమశ్రీ తన నొప్పిని మోచేత్తో అదిమిపెట్టుకుని, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. ఏమీ లేదు.

"వాము నీళ్లు తాగు," అంది.