అర్జీ అడిగితే కథ రాసిన గురుమూర్తిగారు

భిలాయి తెలుగు ప్రజలకు తెలియజేయడమేమనగా, నెహ్రూ నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే గురుమూర్తిగారికి మన సంఘం ‘కథా శిఖామణి’ బిరుదు ఇచ్చింది. ఆయన కథను కమిటీలో ఎవరూ చదవలేదు కాబట్టి ఎంపిక పూర్తి నిష్పక్షపాతంగా జరిగింది.

గురుమూర్తిగారు ఇరవయ్యారేళ్లుగా ప్రతి పాఠాన్నీ “మిగతావన్నీ మారకుండా ఉన్నాయనుకుందాం” అనే మొదలుపెడుతున్నారు. ధరలు మారాయి, స్టీల్ ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగాలు కాంట్రాక్టు ఉద్యోగాలయ్యాయి, ఆయన మాత్రం అలాగే అనుకుంటూ వచ్చారు. అలాంటి మనిషికి కల్పనా సాహిత్యం ఎంత దూరం? సుద్దముక్క కింద పెట్టి పెన్ను తీశారు, అంతే.

ఇక కథ పుట్టుక. ఆ కాలేజీలో కన్నమ్మ పద్దెనిమిదేళ్లు ఊడ్చింది. పలాస వైపు నుంచి పెళ్లయి వచ్చిన మనిషి. భర్త ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తూ చనిపోయాడు. ఒక ఉదయం కాలేజీ చైర్మన్ లక్ష్మీప్రసాద్‌గారు శుభ్రతను ఆధునికీకరించారు. అంటే, ఊడ్చే పని ఏదో కంపెనీకి ఇచ్చి కన్నమ్మను గేటు బయటికి పంపారు. చైర్మన్‌గారే మన సంఘానికి అధ్యక్షులు కూడా.

కన్నమ్మ నేరుగా గురుమూర్తిగారి దగ్గరికి వెళ్లింది.

“బాబూ, మీరు రాస్తారట కదా. నన్ను మళ్లీ పన్లోకి తీసుకోమని నాలుగు ముక్కలు అర్జీ రాసీండి.”

“అర్జీ ఒక్కడే చదువుతాడు కన్నమ్మా. నేను కథ రాస్తాను. సమాజమంతా చదువుతుంది.”

“నా పని సమాజం దగ్గరుందేటి బాబూ? చైర్మన్ బాబు దగ్గర కదా ఉంది!”

ఈ ప్రశ్న సిలబస్‌లో లేదు కనుక ఆయన కథ మొదలుపెట్టారు.

కథకు నాలుగు నెలలు పట్టింది. ఈలోగా కన్నమ్మ పవర్ హౌస్ మార్కెట్లో ఆకుకూరలు పెట్టుకుంది. ఆదివారం ఆదివారం ఆయన సంచీతో వచ్చేవారు.

“ఏటి బాబూ, అయిందా?”

“ముగింపు కుదరడం లేదు కన్నమ్మా.”

“నాకూ కుదరట్లేదు బాబూ.”

చివరికి కథ పుస్తకంగా వచ్చింది. అప్పుడు గాని గురుమూర్తిగారికి ప్రమాదం తెలియలేదు. పేరు మార్చారు గాని, కథలో యజమానికి చైర్మన్‌గారి మీసం, చైర్మన్‌గారి తెల్లకారు, ఆయుధపూజ నాడు కంప్యూటరుకు కూడా గంధం పూసే అలవాటూ ఉన్నాయి. చదివితే ఉద్యోగం హుళక్కి.

చదివితే కదా! చైర్మన్‌గారు ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్నవారు. తెలుగు మాట్లాడతారు, తెలుగులో తిడతారు, తెలుగు చదవలేరు. పుస్తకం ఆవిష్కరించేది తానే కనుక సారాంశం రాసిమ్మని గుమాస్తా నరేంద్రకు చెప్పారు. చదవడంలో నరేంద్ర కూడా అంతే. అతను పోయి రచయితనే అడిగాడు. గురుమూర్తిగారు ఒక్క వాక్యం చెప్పారు: “మంచి యజమాని దొరకక బాధపడిన స్త్రీ కథ.” అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆవిష్కరణ సభలో చైర్మన్‌గారు గర్జించారు. “భాయియోఁ, దీదీలూ! ఈ కథ చదివి మూడుసార్లు ఏడ్చినాను. అలాంటి మాలిక్ నా సామ్నే వస్తే కాలర్ పట్టుకుని అడుగుతాను, తేరే ఘర్ మే మా నహీ హై క్యా, నీ ఇంట్లో తల్లి లేదా, అని!” హాలు దద్దరిల్లింది. మొదటి చప్పట్లు గురుమూర్తిగారివే.

ఆఖరి వరసలో కన్నమ్మ పుస్తకం చదువుతోంది. వయోజన తరగతుల్లో నేర్చుకున్న అక్షరాలు, వేలు పెట్టి చదువుతుంది. హాలు మొత్తానికి పాఠకురాలు ఆమె ఒక్కతే. ఈ సంగతి సభ మినిట్స్‌లో రాయలేదు. ప్రసంగాలు ముగిసేలోపు కథ ముగించి వేదిక పక్కకి వచ్చింది.

“ఏటి బాబూ, ఆఖర్న నన్ను సంపేసినారు?”

“కథకి బరువు రావాలి కదా కన్నమ్మా.”

“బరువుకైతే మీరు సచ్చిపోవచ్చు కదా! మీరూ అదే కథలో మాస్టారుగా ఉన్నారు, నా పక్కనే.”

అని, ఆయన జేబులోంచి పెన్ను లాక్కుని, పుస్తకం చివరి ఖాళీ పేజీలో తనే రాసింది: ‘నన్ను మళ్లీ పనిలోకి తీసుకోవలెను. కన్నమ్మ.’

మన సంఘంలో రచయిత సంతకం ఎవరూ అడగరు, ఆవిష్కర్త సంతకమే అడుగుతారు. చైర్మన్‌గారు వరసగా సంతకాలు పెడుతున్నారు. కన్నమ్మ తెరిచి పట్టుకున్న పేజీ మీదా పెట్టారు, తేదీతో సహా. “పఢ్‌తే రహో అమ్మా, చదువుతూనే ఉండు” అని దీవించారు కూడా.

సోమవారం పొద్దున్నే ఆ పేజీ నరేంద్ర బల్ల మీదికి వచ్చింది.

“సాబ్ సైన్ అసలీదే. పైన ఏముంది కన్నమ్మా?”

“చదువుకో నాయనా.”

“నాకు తెలుగు చదవడం రాదు కదా!”

“అయితే ఇను.” చదివి వినిపించింది. నరేంద్ర హాజరుపట్టీలో పేరెక్కించాడు.

వారం తర్వాత వరండా ఊడుస్తున్న కన్నమ్మను చూసి చైర్మన్‌గారు ఉలిక్కిపడ్డారు. నరేంద్ర పేజీ తెచ్చి చూపించాడు. చదవకుండా సంతకం పెట్టానంటే తెలుగు సంఘం అధ్యక్షుడికి తెలుగు చదవడం రాదని ఒప్పుకోవాలి. “హాఁ హాఁ, ఆర్డర్ నేనే కదా ఇచ్చినాను!” అని గదిలోకి వెళ్లిపోయారు.

గురుమూర్తిగారు ఇప్పుడు ఈ సంఘటనపై నవల రాస్తున్నారు. అందులో అర్జీ రాసేది ఒక అర్థశాస్త్ర లెక్చరర్. ఈసారైనా తనను బతికుంచమని కన్నమ్మ అడిగింది, ఆలోచిస్తానన్నారు.

ఆవిష్కరణ వచ్చే నెల. ప్రసంగాలు ఇప్పటికే సిద్ధం. మీరంతా తప్పక రావాలి. చదివి రావాలన్న నిబంధనేమీ లేదు. కన్నమ్మ ఎలాగూ వస్తుంది.