డిసెంబరులోనే పట్టా

ఆ మార్చి మంగళవారం ఉదయం కొరీన్ వోండ్రా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి రిజిస్ట్రారు ఆఫీసులో పట్టా దరఖాస్తు ఇవ్వాలి. తరవాత డైనింగు హాల్లో గుడ్లు, వేయించిన బంగాళాదుంపలు తిని, తొమ్మిదింటికి కాలేజీ పశువుల కొట్టంలో పనికి వెళ్ళాలి. అంతే.

నాలుగేళ్ళ చదువును మూడేళ్ళలో ముగించాలని ఆమె పట్టుదల. హైస్కూల్లో తోటివాళ్ళంతా శుక్రవారం సాయంత్రాలు ఫుట్‌బాల్ చూడ్డానికి పోతుంటే, ఆమె కాలేజీ పాఠాలు ముందుగానే చదివి ముప్ఫై క్రెడిట్లు వెనకేసుకుంది. పట్టాకు నూట ఇరవై కావాలి. సొంతూరు హోలెక్ క్రీక్ హైస్కూల్లో వ్యవసాయం చెప్పే మాస్టారు రిటైరవుతున్నారు. ఆగస్టుకల్లా పట్టా తెస్తే ఆ ఉద్యోగం నీదేనని ప్రిన్సిపాల్ మాటిచ్చాడు. తేలేకపోతే మరొకరిది. నెబ్రాస్కాలో ఆ మూలన అలాంటి ఉద్యోగం మళ్ళీ ఖాళీ కావాలంటే ముప్ఫై ఏళ్ళు ఆగాలి.

కౌంటరు వెనక ఉన్న ఆర్విల్ స్టామ్ ఆమె కాగితాన్ని ఒకసారి, కంప్యూటరు తెరను రెండుసార్లు చూశాడు.

"ఇది తీసుకోవడం కుదరదమ్మాయ్."

"ఏమండీ, తప్పు రాశానా?"

"తప్పేం లేదు. నీకు పట్టా వచ్చేసింది. డిసెంబరులో."

"నేనింకా చదువుతున్నానండీ! నిన్న కూడా క్లాసుకెళ్ళాను."

"వెళ్ళావేమో, చదువు మీద అంత ఇష్టముంటే ఎవరు కాదంటారు? రాత్రే మిషను అందరి లెక్కలూ సరిచూసింది. డిసెంబరుకే నీకు నూట ముప్ఫై రెండు. పన్నెండు ఎక్కువ. అభినందనలు!"

నిజం చెప్పాలంటే కొరీన్ ఒక్క క్షణం సంతోషించింది. తన లెక్క ప్రకారం డిసెంబరుకు నూట ఎనిమిదే ఉండాలి. అయినా ఆకలి మీద ఉంది కాబట్టి, ముందు తిని తరవాత ఆలోచిద్దామనుకుంది.

డైనింగు హాలు గుమ్మంలో ఆమె కార్డుకు ఎర్రదీపం వెలిగింది. "చదువైపోయినవాళ్ళకి ఇక్కడ తిండి లేదు తల్లీ," అంది గుమ్మం దగ్గరి ఆవిడ. హాస్టలు తలుపూ అదే ఎర్రదీపం చూపించింది. కోటూ, ఫోను చార్జరూ లోపలే ఉండిపోయాయి. చలిగాలిలో పశువుల కొట్టానికి పరిగెత్తితే అక్కడ ఓ ఆవు ఈనడానికి సిద్ధంగా ఉంది. కొరీన్ మోచేతిదాకా తొడుగు వేసుకుని ఆవు వెనక చేరిందో లేదో, కొట్టం మేనేజరు చేతిలో కాగితంతో వచ్చాడు.

"ఆ తొడుగు తీసెయ్ పిల్లా. ఇది విద్యార్థులకిచ్చే పని. నీ పేరు కొట్టేశారు."

"ఆవు ఈనుతోందండీ!"

"ఆవుకి అభ్యంతరం లేదు. ఆఫీసుకే ఉంది."

బయటికి వస్తుండగా ఫోను మోగింది. పూర్వ విద్యార్థుల సంఘం నుంచి ఎవరో హుషారైన అమ్మాయి. "కాలేజీ తరవాత జీవితం ఎలా ఉందండీ?"

"ఆకలిగా ఉంది," అంది కొరీన్.

మళ్ళీ స్టామ్ దగ్గరికి పోయింది. "నా చదువు పూర్తి కాలేదని రాసివ్వండి."

"అయిందని రాసిమ్మనేవాళ్ళని చూశాను గానీ, కాలేదని అడిగేవాళ్ళు ఎవరూ రాలేదమ్మాయ్," అని ఆయన సొరుగులు మూడూ వెతికాడు. "దానికి ఫారం లేదు."

ఈలోగా సొంతూళ్ళో ఇంకో ముసలం పుట్టింది. ఎవరైనా పట్టా పుచ్చుకుంటే వాళ్ళ ఊరి పత్రికకు కాలేజీ కంప్యూటరు తనంతట తానే కబురు పంపుతుంది. హోలెక్ క్రీక్ వారపత్రిక సంపాదకుడు అది చదివి వెంటనే హైస్కూలు వంటగదికి ఫోను చేశాడు. అక్కడ కొరీన్ తల్లి క్లారిస్ నూట నలభైమంది పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతోంది.

"మీ అమ్మాయికి డిసెంబరులోనే పట్టా వచ్చిందటగా! ఫొటో ఉంటే పంపండి."

క్లారిస్ ముందు పొంగిపోయింది. గరిట నాలుగుసార్లు తిప్పాక ఆగిపోయింది. "డిసెంబరా? మరి మూడు నెలలుగా అదక్కడేం చేస్తోంది?"

పక్కన రొట్టెలు పేరుస్తున్న లిడా, క్లారిస్‌కు పెద్దక్క, జవాబు కోసం ఎక్కువసేపు వెతుక్కోలేదు. "అబ్బాయి," అంది.

"ఏ అబ్బాయే అక్కా?"

"పేరు నాకేం తెలుసు? మూడు నెలలంటే ఎవడో ఒకడుంటాడు."

క్లారిస్ కూతురికి ఫోను చేసింది. "నాతో నిజం చెప్పు. వాడి పేరేంటి?"

తన గోడు అప్పుడే అమ్మదాకా ఎలా చేరిందా అని కొరీన్ ఆశ్చర్యపోయింది. "స్టామ్. ఆర్విల్ స్టామ్. వాడివల్లే నా బతుకిలా అయిందమ్మా. తిండి లేదు, ఉండే చోటు లేదు."

"ఓరి దేవుడా! వయసెంతుంటుందే?"

"అరవై ఉంటాయేమో. ఎందుకు?"

అంతలో చార్జింగు అయిపోయి ఫోను ఆరిపోయింది.

డెబ్బై మైళ్ళ దారిని అక్కచెల్లెళ్ళిద్దరూ గంట లోపే దాటేశారు. లిడా ఒళ్ళో పళ్ళెం నిండా ప్రూన్ పళ్ళ గుజ్జు పెట్టిన కొలాచీ రొట్టెలున్నాయి. అవి పెళ్ళివారికో, పోలీసులకో ఆమె ఇంకా తేల్చుకోలేదు. కాలేజీలో స్టామ్ పేరు అడిగితే రిజిస్ట్రారు ఆఫీసు చూపించారు. అక్కడి బెంచీ మీద, ఒంటికి కోటు లేకుండా, పేడ వాసనతో వణుకుతున్న కొరీన్ కనబడేసరికి లిడాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆర్విల్ అంటే నువ్వేనా?"

"నేనేనండీ," అన్నాడు స్టామ్.

"సిగ్గులేదూ? ఇరవై ఒక్కేళ్ళ పిల్లని ఇలా చేస్తావా?"

"నిబంధనల ప్రకారమే చేశానండీ. ఏడాదికి ఎనిమిదివందల మందికి చేస్తాను."

లిడా పక్కనున్న కుర్చీని పట్టుకుంది, కూలబడ్డానికో విసరడానికో. కొరీన్ ఇద్దరి మధ్యా దూరింది. "పెద్దమ్మా! ఆయన గుమాస్తా! పట్టాలిచ్చే గుమాస్తా!"

అంతా తేటపడి, లిడా ఒక కొలాచీ తీసి స్టామ్ చేతిలో పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన అది తిన్నాక మెత్తబడ్డాడు. కొరీన్ క్రెడిట్ల జాబితా మొత్తం అచ్చు తీసి బల్ల మీద పరిచాడు.

కొరీన్ వేలితో ఒక్కొక్క వరసా చూసుకుంటూ వెళ్ళింది. "ఇది నాదే. ఇదీ నాదే. ఇదేంటి, పిల్లల పోషకాహారమా? నేను చదవలేదు. అకౌంటింగు? నాది కాదు. స్టాటిస్టిక్స్‌లో ఏ గ్రేడా? స్టాటిస్టిక్స్‌లో నాకు ఏ ఎప్పుడొచ్చిందండీ!"

"నాకొచ్చింది," అంది క్లారిస్.

అందరూ ఆమెవైపు తిరిగారు. క్లారిస్ చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది.

"నువ్వు కాలేజీకొచ్చేశాక ఇంట్లో పొద్దుపోయేది కాదే. మన హైస్కూల్లో సాయంత్రం పిల్లలకి కాలేజీ పాఠాలు చెబుతారు కదా, ఊళ్ళోవాళ్ళెవరైనా కూర్చోవచ్చన్నారు. వెనక బెంచీలో కూర్చున్నాను. ఇరవై ఏడు క్రెడిట్లయ్యాయి. మొన్న సెప్టెంబరులో ఆ కాగితాలు ఈ కాలేజీకే పంపాను, నన్నూ చేర్చుకుంటారేమోనని. జవాబు రాలేదు. ఈ వయసులో నీకెందుకులే అనుకున్నారేమోనని ఊరుకున్నాను."

"నాతో కూడా చెప్పలేదేమే?" అంది లిడా.

"చెప్పి నవ్వించుకోవడం ఎందుకులే అనిపించింది."

స్టామ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సి. వోండ్రా, హోలెక్ క్రీక్, ఒకే ఇంటి నంబరు. తల్లి కాగితాలను ఎవరో కూతురి ఖాతాలో కలిపేశారు. "మిమ్మల్నెవరూ వద్దనలేదమ్మా," అన్నాడు. "మీరొకరున్నారని ఇక్కడెవరికీ తెలియనే లేదు." అప్పటికప్పుడే ఓ కొత్త ఖాతా తెరిచి, పైన క్లారిస్ వోండ్రా అని పూర్తిపేరు పెద్ద అక్షరాల్లో కొట్టాడు. కొరీన్ వచ్చి తల్లిని గట్టిగా కౌగలించుకుంది. ఆ పేడ చేతుల్ని క్లారిస్ పట్టించుకోలేదు.

సాయంత్రానికి కొరీన్ మళ్ళీ విద్యార్థిని అయింది. కార్డుకు పచ్చదీపం వెలిగింది. ఆవు ఎవరి సాయమూ లేకుండా ఈనింది. అయితే స్టామ్ లెక్క కొత్తగా వేసేసరికి మే నెలకు నూట పదిహేడే తేలాయి. మూడు తక్కువ.

"జనవరిలో స్టాటిస్టిక్స్ ఎందుకు మానేశావమ్మాయ్?"

కొరీన్ తల దించుకుంది. "అయిపోయినట్టు కంప్యూటరు చూపించిందండీ. హైస్కూలు లెక్కలే దానికింద కట్టుకున్నారేమో అనుకుని ఆ మూడూ నా లెక్కలో కలిపేసుకున్నా. నాకా సబ్జెక్టంటే భయం. అందుకే ఎవర్నీ అడగలేదు."

ఆ వేసవంతా ఆమె హోలెక్ క్రీక్‌లో సాయంత్రం క్లాసుకు వెళ్ళింది. రోజూ ఇంటికి వచ్చాక వంటింటి బల్ల దగ్గర క్లారిస్ అదే పాఠం మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఆవులిస్తే గరిటతో బల్ల మీద కొట్టింది. ఆగస్టు మొదటివారంలో కొరీన్‌కు పట్టా వచ్చింది, ఉద్యోగమూ దక్కింది. నెలాఖరుకు క్లారిస్ కాలేజీలో చేరింది.

స్టాటిస్టిక్స్‌లో కొరీన్‌కు వచ్చింది బి. అది పాఠం చెప్పినవాళ్ళ లోపం కాదని క్లారిస్ ఇప్పటికీ అంటుంది.