నడుముకు కట్టిన మూడు సీసాలు

మా పట్టణపు సర్కారు దవాఖానలో 1963 నుంచి 1966 దాకా ఒక్క సూక్ష్మక్రిమి కూడా పెరగలేదని ప్రజలకు సవినయంగా తెలియజేస్తున్నాను. పట్టణం పేరు చెప్పను. చెబితే గోదావరికి అటూ ఇటూ ఉన్న తక్కిన దవాఖానలు చిన్నబుచ్చుకుంటాయి.

ఇది గాలిమాట కాదు, లిఖితపూర్వకం. రోగి నుంచి తీసిన రక్తం గానీ చీము గానీ ప్రయోగశాలకు వెళ్తే 'పెరుగుదల లేదు' అనే నివేదిక వచ్చేది. మూడేళ్లలో నాలుగువందల పన్నెండు నివేదికలు వచ్చాయి. అన్నింటిలోనూ అదే మాట. ప్రయోగశాల ఉద్యోగి పర్శరాములు దస్తూరి ముత్యాల్లా ఉండేది కనుక చదవడానికి కూడా ఇంపుగా ఉండేది.

ఇంతటి ఘనత ఊరికే రాలేదు. క్రిములు పెరగాలంటే వాటికి తిండి కావాలి. ఆ తిండిని 'అగర్' అనే సముద్రపు నాచు పొడితో గడ్డకట్టించి పళ్లెంలో పోస్తారు. పర్శరాములు అగర్ కావాలని స్టోర్సుకు రాశాడు. స్టోర్సువారు ఆర్నెల్లు పరిశీలించి, 'కోరిన ప్రకారం' అని ముద్ర వేసి, పన్నెండు డజన్ల అగరువత్తుల కట్టలు పంపారు. వాపసు చేయడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. అప్పటినుంచి ప్రయోగశాలలో పొద్దున రెండు, సాయంత్రం రెండు వెలిగేవి. తనిఖీకి వచ్చిన పెద్దలు ఇంత పరిమళించే ప్రయోగశాలను మరెక్కడా చూడలేదని పుస్తకంలో రాసి వెళ్లారు.

తిండి తర్వాత వెచ్చదనం. మనిషి ఒంటి వేడిని రేయింబవళ్లు నిలిపి ఉంచే ఇంక్యుబేటరు అనే పెట్టె ఒకటి ఉండేది. కరెంటు పొదుపు ఉత్తర్వు ప్రకారం దాన్ని సాయంత్రం ఐదింటికి ఆపి, మర్నాడు పదింటికి వేసేవారు. పగలు అందులో సూపరింటెండెంటుగారి టిఫిన్ క్యారియర్ ఉండేది. దొరవారి అన్నం పక్కన రోగుల చీము పెట్టడం మర్యాద కాదు కనుక నమూనాలు కిటికీలో ఉండేవి. నమూనా కూడా ఒక్క చుక్కే తీసుకునేవారు. ఆ ఫారం మొదట మలేరియా రక్తపరీక్షకు అచ్చయింది, అందులో 'ఒక చుక్క' అని ఉంది. అచ్చులో ఉన్నదాన్ని మార్చడానికి మనమెవరం?

ఇలా ఉండగా హైదరాబాదు నుంచి డాక్టర్ వామనరావు అనే యువకుడు బదిలీ మీద వచ్చాడు. వస్తూ వస్తూ పొట్టలోకి దించే ఒక గొట్టాన్ని, దాన్ని వాడే విద్యను వెంట తెచ్చుకున్నాడు. ఎవరూ అడగలేదు, తనే తెచ్చుకున్నాడు.

ఆ వానాకాలంలో మా సాలెవాడ నుంచి లస్మవ్వను ఎడ్లబండిలో తెచ్చారు. వాంతులు, భేదులయి ఒంట్లో నీరంతా పోయి, మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. నాలుగు రోజులుగా మూత్రం లేదు. మొహం ఉబ్బి, మాట తడబడుతోంది. భర్త సిద్దిరాములు ఒక సేటు దగ్గర మరమగ్గం నడిపేవాడు. ఆమె కాళ్లు పట్టుకొని బండిలోనే కూర్చున్నాడు.

వామనరావు ఆమె బొడ్డు కింద గొట్టం దించి, ఉప్పు, చక్కెర కలిపిన శుద్ధమైన నీళ్లు రెండు సీసాలు కడుపులోకి ఎక్కించాడు. అరగంట ఉంచి దించితే రక్తంలోని విషం ఆ నీళ్లతో బయటికి వస్తుంది. అలా ఎక్కిస్తూ, దించుతూ రెండు రోజులు గడిచాయి. లస్మవ్వ కళ్లు తెరిచి మనుషులను గుర్తుపట్టింది. మూడో రోజు దిగిన నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా వచ్చాయి. జ్వరం వచ్చింది. కడుపు ముట్టుకోనివ్వలేదు.

గొట్టం వెంట ఏదో క్రిమి లోపలికి పోయిందని వామనరావుకు అర్థమయింది. పెన్సిలిన్ ఇచ్చి, నీళ్లు పరీక్షకు పంపాడు. రెండు రోజుల తర్వాత రావలసిన 'పెరుగుదల లేదు' ఆ మధ్యాహ్నమే వచ్చింది. అనుభవం అంటే అది.

వామనరావు ఆ కుడితి సీసా పట్టుకొని ప్రయోగశాలకు నడిచాడు.

"పర్శరాములూ, గీ నీళ్లు జూడు. పురుగు లేదని ఎట్ల రాస్తివి?"

"లేదని నేనెక్కడ రాసిన సార్? పెరగలేదని రాసిన. పెరగనిస్తె గద పెరుగుతది!"

వామనరావు స్టూలు లాక్కొని కూర్చున్నాడు. పర్శరాములు అగరువత్తి ఆర్పేశాడు.

"మూడేండ్లసంది ఎవలన్న వచ్చి గీ మాట అడుగుతరా అని సూస్తున్న సార్. ఇయ్యాల మీరొచ్చిండ్రు. నాకు పని రాదనుకోకుండ్రి. చుక్క గాదు, గిలాసెడు నీళ్లు గావాలె. గిర్ర తిప్పి, అడుగుకు దిగిన మడ్డిని మాంసం రసంల ఎయ్యాలె. ఇగ ఒంటి వేడి గావాలె, గంతే."

మాంసం రసం పర్శరాములు ఇంటినుంచి వచ్చింది. వడగట్టి, ఆవిరిలో ఉడికించి మూడు చిన్న సీసాల్లో పోశాడు. చేతి యంత్రంలో గిలాసెడు నీళ్లు తిప్పి, అడుగు మడ్డి మూడింటిలోనూ వేశాడు. ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాంట్లో పెన్సిలిన్, మూడోదాంట్లో ఎరిత్రోమైసిన్ అనే మరో మందు కలిపాడు. అంతలో ఐదయింది. ఉత్తర్వు ప్రకారం ఇంక్యుబేటరు ఆగిపోయింది.

గడపలో నిలబడి ఉన్న సిద్దిరాములు అడిగాడు. "ఒంటి వేడి గావాలెనంటున్నరు. నా ఒళ్లు లేదా సారూ?"

మూడు సీసాలను రుమాలులో చుట్టి పొట్టకు ఆనించి కట్టారు. సిద్దిరాములు పడుకోలేదు, స్నానం చేయలేదు. లస్మవ్వ మంచం పక్కన నిటారుగా కూర్చున్నాడు.

"నడుముకు గదేందయ్యా?" అంది ఆమె.

"నీ రోగమే. జర పెంచుతున్న."

లస్మవ్వ నవ్వబోయి, కడుపు పట్టుకొని, "నవ్వియ్యకు, సస్త," అంది.

మర్నాడు రుమాలు విప్పితే రెండు సీసాలు మసకబారి ఉన్నాయి, పెన్సిలిన్ సీసాతో సహా. ఎరిత్రోమైసిన్ సీసా మాత్రం తేటగా ఉంది, అందులో క్రిమి పెరగలేదు. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తుల్లా క్రిములు కనిపించాయి. పర్శరాములు వాటిని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. వామనరావు మందు మార్చాడు. మూడు రోజులకు కడుపునీళ్లు తేటపడ్డాయి. వారానికి మూత్రం వచ్చింది. ఆపై లస్మవ్వ తినడానికి మక్కగట్క అడిగింది.

ఈ దుర్ఘటనపై విచారణ జరిగింది.

"మూడేళ్లు మనం కంటికి రెప్పలా కాపాడుకున్న పరిశుభ్రతను మాంసం రసం పోసి మంటగలిపారు," అని సూపరింటెండెంటుగారు గద్గదస్వరంతో అన్నారు. "వచ్చే నెల మనకు ఆదర్శ ఆసుపత్రి పతకం రావలసి ఉంది. ఆ క్రిమిని ఎందుకు పెంచావు, పర్శరాములూ?"

"అది అంతకుముందే ఉండె సార్. నేను సూసిన గంతే."

విచారణ ఫలితం ఇలా వెలువడింది. సదరు క్రిమి సర్కారు ఇంక్యుబేటరులో గాక సిద్దిరాములు అనే ప్రైవేటు వ్యక్తి పొట్ట మీద పెరిగినందున దవాఖానకు చెందదు. చూడడమే అనర్థాలకు మూలం గనుక సూక్ష్మదర్శినిని బీరువాలో పెట్టి తాళం వేయాలి. అడవి గాలి ఆరోగ్యానికి మేలు గనుక డాక్టర్ వామనరావును జైనూరుకు బదిలీ చేయాలి. పతకం సకాలంలో వచ్చింది. పట్టణమంతా వెళ్లి చప్పట్లు కొట్టాం.

వామనరావు జైనూరు బస్సు ఎక్కబోతుంటే సిద్దిరాములు పరుగెత్తుకుంటూ వచ్చాడు. దండం పెట్టడానికని డాక్టరు అనుకున్నాడు.

"సారూ, మా వాడల బతకనిస్తలేరు. లస్మవ్వ కడుపుల పురుగులున్నయట, నేను వాటిని నడుముకు కట్టుకొని సాదిన్నట. చేదబావి కాడికి రానిస్తలేరు. సేటు మగ్గం కాడికి రావద్దన్నడు. పురుగు లేకుండెనని ఒక్క కాయిదం రాసియ్యుండ్రి."

"పురుగును నువ్వే పెంచితివి గదా సిద్దిరాములూ! నువ్వు పెంచకుంటె ఆమె బతకకపోతుండె."

"నాకెరుకే సారూ. గా ముచ్చట నాకూ మీకూ ఎరుకున్నది చాలదా? వాళ్లకోసం లస్మవ్వకు వేడి చేసిందని రాయుండ్రి."

బస్సు హారను కొట్టింది. వామనరావు పెట్టె మీద కాగితం పెట్టుకొని 'వేడి చేసినది' అని రాసి సంతకం చేశాడు.

సిద్దిరాములు దాన్ని వాడంతా తిరిగి చూపించాడు. మరునాడే లస్మవ్వకు చేదబావి దగ్గర చోటిచ్చారు. సేటు కూడా పనికి రమ్మని కబురు పంపాడు. నేనూ ఆ వాడవాణ్ణే. వాళ్లింటికి వెళ్లి, కాగితం రెండుసార్లు చదివి, సంతకం సరిచూసుకొని, ఆ తర్వాతే లస్మవ్వ ఇచ్చిన మంచినీళ్లు తాగాను.