పాత డ్రైవర్‌ను తీసేసిన రోజు

ఆ పొద్దు నాగసుబ్బయ్య శెట్టి వేసుకున్న లెక్క సులువైనది. నందికొట్కూరు మార్కెట్‌లో కొన్న వేరుశనక్కాయలు ఎండ ముదరకముందే లారీకెక్కాలి, చీకటిపడేలోగా రాయచోటి నూనె మిల్లులో దిగాలి. లారీ తనదే. డ్రైవర్ మారెన్న. ఆ లారీ కొన్నప్పటి నుంచి స్టీరింగ్ మీద మారెన్న చెయ్యి తప్ప మరొకరి చెయ్యి పడలేదు. అరవైకి దగ్గరపడిన మనిషికి ఈ బండి కాకపోతే మరో బండి ఇచ్చేవాడు లేడని మారెన్నకూ తెలుసు, శెట్టికీ తెలుసు. అందుకే జీతం పెంచమని అతడు అడగడు, ఈయన పెంచడు. ఇద్దరికీ గిట్టుబాటైన బేరం.

కాఫీ తాగుతూ కొడుకు తేజేశ్వర్ వైపు చూశాడు. హైదరాబాద్‌లో కంపెనీ మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు తగ్గిపోయినవాళ్లలో అతడొకడు. ఇంటికొచ్చి వసారాలో కంప్యూటర్ పెట్టుకుని, దేశదేశాల వాళ్లు కలిసి ఊరికే రాసే ఏదో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తానూ ఊరికే పనిచేస్తున్నాడు.

"జీతం లేని పని ఏం పనిరా అది?"

"శుభ్రం చేసే పని నాయనా. ఎప్పుడో మూలపడిన మిషన్ల కోసం రాసిన కోడ్ ఇంకా దాంట్లోనే ఉండాది. తీసేస్తాండాం."

నాగసుబ్బయ్య మొహం విప్పారింది. "ఇదీ అర్థమయ్యే మాట. కదలని సరుకు గోడౌన్లో ఉంటే చోటు తింటాది, ఎలకల్ని పెంచుతాది."

"తీసే ముందు అందరికీ రాస్తాం, ఇంకా ఎవరన్నా వాడుతాండారా అని. ఒక్కడు వాడుతాండానన్నా ఉంచేస్తాం."

"ఒక్కని కోసమా! మీరు అంగడి పెడితే ఆర్నెల్లకు మూస్తారు," అని కండువా దులుపుకుని నాగసుబ్బయ్య మార్కెట్ యార్డుకు పోయాడు.

ఆయన అటు పోగానే మారెన్న డీజిల్ దుడ్ల కోసం ఇంటికొచ్చాడు. తేజేశ్వర్ ఫోన్లో ఉన్నాడు. ఒక మిషన్‌ను కంప్యూటర్ చేత నడిపించే కోడ్‌ను ఆ పనివాళ్లు డ్రైవర్ అంటారు. ఆ సంగతి కిటికీ బయట నిలబడినవాడికి ఎవరూ చెప్పలేదు.

"ఆ పాత డ్రైవర్‌ను ఈ పొద్దే తీసేస్తాండా. లేదప్పా, దాంతో ఎవరికీ పని లేదు. ఇన్నేండ్లూ ఊరికే మోస్తిమి. అందరినీ అడిగినా, ఒక్కడు గూడా అడ్డం చెప్పలే. మా నాయనకు గూడా చెప్పినా, మంచి పనే అనె."

మారెన్న లోపలికి పోయి లారీ తాళాలు శెట్టి భార్య సుందరలక్ష్మి చేతిలో పెట్టాడు. "శెట్టికి ఇయ్యమ్మా."

"ఏమైంది మారెన్నా?"

"ఏం లేదు తల్లీ. మోసే బరువు తగ్గిస్తాండా మీకు."

యార్డు ముందర టీ అంగడి దగ్గర మాత్రం అతడి గొంతు పగిలింది. "తీసేస్తే తీసేయనీ. 'అతన్ని' అంటే నోరు అరుగుతాదా? 'అది' అనె! 'దాంతో పని లేదు' అనె! నేనేమన్నా ఎనుమునా, గొడ్డునా?"

హమాలీలు మొహామొహాలు చూసుకున్నారు. "ఇన్నేండ్ల మనిషినే 'అది' అన్న్యాక, మనల్ని ఏమంటారో," అని సగం లోడెత్తిన లారీ పక్కనే మూటలు దించేశారు.

మూటలు ఆగాయి. తాళాలు ఇంటి నుంచి వచ్చాయి. రెండూ కలిపి చూస్తే నాగసుబ్బయ్యకు ఒకే జవాబు తేలింది: ఎవడో తన డ్రైవర్‌ను లాక్కున్నాడు. లాక్కునేవాడు కాటా దగ్గర లారీలు బాడిగకు తిప్పే పుల్లన్న తప్ప మరొకడు కాడు. నేరుగా వాడి మీదికే పోయాడు.

"ఏమప్పా, నా మారెన్నను ఎంతకు కొన్యావు?"

"మారెన్ననా? మొన్న నా బండి అద్దం గీకిపాయె, ఎదర ఏముండాదో ఆయప్పకు కనపడక. ఊరికే ఇచ్చినా వద్దు శెట్టీ," అని పుల్లన్న నవ్వాడు. "అరిచేది ఆపి, లోడు పంపేది చూసుకో. నా బండి ఖాళీగా ఉండాది. ఎత్తేదానికి నా మనుషులే. టైర్లు నావి, డ్రైవర్ బత్తా నాది. నీది బాడిగ ఒకటే."

శెట్టి అరుపు సగంలో ఆగింది. వేళ్ల కణుపుల మీద బొటనవేలు కదలడం మొదలైంది. కాసేపటికి కాయలు పుల్లన్న లారీలో వెళ్లిపోయాయి.

అప్పుడు, తల్లి చెబితే మారెన్నను వెతికి పట్టుకుని సంగతి తెలుసుకున్న తేజేశ్వర్, అతడిని స్కూటర్ మీద ఎక్కించుకుని రొప్పుతూ వచ్చాడు. "నాయనా, ఆ డ్రైవర్ మనిషి గాదు! కంప్యూటర్లో ఉండేది!"

విషయం విన్న హమాలీలు మూటల మీద పడి నవ్వారు. అందరికంటే ఎక్కువ మారెన్నే నవ్వాడు, టవల్‌తో కళ్లు తుడుచుకుంటూ. "నిన్ను అనుమానిస్తినే శెట్టీ! నన్ను చెప్పు తీసుకుని కొట్టు," అని తాళాల కోసం చెయ్యి చాపాడు.

శెట్టి చెయ్యి జేబులోంచి రాలేదు.

"లోడు పాయె మారెన్నా."

"రేపటిది ఉంటాది కదా?"

"రేపటిది గూడా పుల్లన్న బండికే. తప్పు నీది గాదు, మావానిది గాదు. తాళాలు చేతికొచ్చినాక లెక్క చూసినా. బండి అమ్మేస్తాండా."

"నాయనా, పొరపాటని తెలిసినాక గూడానా?" అన్నాడు తేజేశ్వర్.

"అందరినీ అడగాలంటివి గదరా. అడుగు, ఈ డ్రైవర్ ఎవరికన్నా కావాలేమో."

తేజేశ్వర్ చుట్టూ చూశాడు. హమాలీలకు సాయంత్రం పుల్లన్న లోడు ఉంది; ఒక్కొక్కరే తలగుడ్డ చుట్టుకుని లేచారు. కనీసం తానైనా చెయ్యెత్తుదామనుకున్నాడు. తింటున్న అన్నం ఎవరిదో గుర్తొచ్చింది. మారెన్న చాపిన చెయ్యి చాలాసేపు అలాగే ఉండి, తర్వాత టవల్ భుజాన వేసుకోవడానికి పనికొచ్చింది.

ఆ సాయంత్రం తేజేశ్వర్ కంప్యూటర్‌కు ఎక్కడో సముద్రాల అవతలి అంగడివాడి నుంచి ఉత్తరం వచ్చింది. ఆ పాత మిషన్ తన దగ్గర ఇంకా నడుస్తోందనీ, దాని డ్రైవర్‌ను దయచేసి తీసేయవద్దనీ రాశాడు.

ఆ పాత డ్రైవర్‌ను తేజేశ్వర్ క్షమాపణతో సహా వెంటనే తిరిగి పనిలోకి తీసుకున్నాడు.