పదిహేడున్నర కిలోల ఆంప్లిఫయర్

మానవజాతి ఇంతవరకు తీసుకున్న నిర్ణయాలన్నింటిలోకీ జాగ్రత్తగా తీసుకున్నది ఏదంటే, మా పింఛన్ల కార్యాలయం ఒక గిటారుకు ఆంప్లిఫయర్ ఎంచుకున్న నిర్ణయమే. ఏడుగురు సభ్యులు, పదకొండు సమావేశాలు, దగ్గర దగ్గర ఎనిమిది నెలలు. సభ్యుల్లో ఒక్కరికీ గిటారు రాదు. (వస్తే పక్షపాతం చూపిస్తారని అలాంటివాళ్లను ముందే తీసేశాం.) ఆ ఏడుగురిలో నేనూ ఒకణ్ణి. మినిట్స్ రాసింది నేనే, కాబట్టి ఇందులో కల్పన అంటూ ఏమీ ఉండదు.

గిటారు మా సీనియర్ గుమాస్తాది. ముప్పై నాలుగేళ్లుగా ఆయన్ను అందరం గిటారు గారనే పిలుస్తున్నాం. అసలు పేరు జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఏటా ఆఫీసు వార్షికోత్సవానికి వెయిటింగ్ హాల్లో వాయిస్తారు. ఉత్త చెక్క గిటారు, కరెంటుతో పనిలేనిది. నాలుగు వరుసల దాకా వినిపిస్తుంది, ఆ వెనకవాళ్లు ముందువాళ్లను చూసి చప్పట్లు కొడతారు. ఆయన భార్య ముందు వరుసలోనే కూర్చుంటారు కానీ, కొన్నేళ్లుగా ఆవిడకు వినికిడి తగ్గింది. చెవి మిషను పెట్టుకుంటే హాల్లో గోలంతా కలగాపులగమై వినిపిస్తుందట. అందరూ చప్పట్లు కొట్టాక ఒక్క క్షణం ఆగి ఆవిడా కొడతారు.

రిటైర్మెంటుకు ఎనిమిది నెలల ముందు గిటారు గారు అర్జీ పెట్టుకున్నారు. వీడ్కోలు సభ నాటికి గిటారుకు చిన్న ఆంప్లిఫయర్ ఒకటి ఇప్పించమని.

"ఆ మాత్రం మీరే తెచ్చుకోవచ్చుగా?" అన్నారు మా ఆఫీసరు.

"బయటి వస్తువులేవీ ఆఫీసు ప్లగ్గులో పెట్టకూడదని మీరే సర్క్యులర్ ఇచ్చారు సార్."

"అవునవును. మంచి సర్క్యులర్. పోనీ, ఇంట్లో వాయించి వినిపించండి మీ ఆవిడకి."

"ఇంట్లో పక్కన కూర్చుంటే వినిపిస్తుంది సార్. హాల్లో అందరూ చప్పట్లు కొడుతుంటే ఎందుకు కొడుతున్నారో ఒక్కసారైనా ఆవిడకీ తెలియాలని, అంతే."

ఆఫీసరు కళ్లు చెమర్చాయి. వెంటనే కమిటీ వేశారు.

ఫైల్లో మొదటి గడి ‘ప్రయోజనం’. అందులో నేను ‘గుమాస్తా గారి భార్యకు స్పష్టంగా వినిపించుట’ అని రాశాను. అలాగైతే ఆవిడకు వినిపించదని డాక్టరు సర్టిఫికెట్ కావాలని, దాన్ని ఆవిడే వచ్చి మా కౌంటర్లో ఇవ్వాలని మిగతా సభ్యులు అన్నారు. పాపం, మూడుసార్లు వచ్చారు. రెండుసార్లు టోకెన్ నంబరు పిలిచింది వినిపించక సాయంత్రం దాకా కూర్చుని వెళ్లిపోయారు. (ఇంతకన్నా రుజువేం కావాలని నేను అడిగాను. నోటిమాట చెల్లదన్నారు.)

తర్వాత ముగ్గురు దుకాణదారులు మూడు పెట్టెలు తెచ్చారు. మొదటిది చిన్న గోధుమరంగు పెట్టె.

"చెక్క గిటారు కోసమే చేసిందండీ ఇది. మీ హాలుకి సరిగ్గా సరిపోతుంది. గిటారు ఎలా పలుకుతుందో అలాగే వినిపిస్తుంది, కాస్త గట్టిగా" అన్నాడు దుకాణదారు.

"ఇదే సార్, ఇదే కావాలి" అన్నారు గిటారు గారు, దాని మీద చేయి వేసి.

"ఉన్నది ఉన్నట్టే వినిపిస్తే కొనడమెందుకయ్యా?" అన్నారు మా కమిటీ కన్వీనరు. "మార్పేది? రేపు ఆడిట్ వాళ్లడిగితే ఏం చూపించను?"

దుకాణదారు ధర చీటీ తీసి ముందు పెట్టాడు.

పోనీ వాయించి చూద్దామన్నారు గిటారు గారు. ఆఫీసు వేళల్లో వాద్యాలు వాయించరాదు. ఆఫీసు వేళలు దాటాక కమిటీ కూర్చోరాదు. (విడివిడిగా చూస్తే రెండూ చక్కటి నియమాలు.) అందుకని శబ్దం ఎలా ఉంటుందో మూడు ప్రతుల్లో రాసి, సీలు వేసిన కవర్లో ఇమ్మన్నాం. మొదటివాడు ‘కమ్మగా ఉంటుంది’ అని రాశాడు. రెండోవాడు ‘మొదటిదానికన్నా కమ్మగా ఉంటుంది’ అని రాశాడు. సీలు వేసిన కవర్లో ఏముందో వీడికెలా తెలిసిందన్నది వేరే ఫైలు. మూడోవాడు బరువు రాశాడు.

మా స్టోర్సు గుమాస్తా ముఖం వెలిగిపోయింది. ఆయన దగ్గరున్న కొలత సాధనాలు రెండే, కాటా, టేపు. బల్లలైనా బీరువాలైనా ఆ రెండింటితోనే లోపలికి తీసుకుంటాడు.

"కమ్మదనాన్ని రిజిస్టర్లో ఏ కాలమ్‌లో రాయమంటారండీ? బరువైతే ఎవడూ కాదనలేడు" అన్నాడు.

మూడు పెట్టెలూ కాటా ఎక్కాయి. నాలుగు కిలోల గోధుమరంగు పెట్టె అక్కడికక్కడే ఓడిపోయింది. పదిహేడున్నర కిలోలది గెలిచింది. మైదానాల్లో ప్రకటనలు చేయడానికని దాని మీదే రాసి ఉంది.

"దీంట్లో గిటారు కీచుమంటుంది సార్, చెక్క పలుకు రాదు" అని గిటారు గారు నెత్తీ నోరూ బాదుకున్నారు.

"మీ కోసమే కొంటున్నాం కదండీ, మళ్లీ మీ అభిప్రాయమే తీసుకుంటే ఏం బాగుంటుంది?" అన్నారు కన్వీనరు.

నేను ‘ఏకగ్రీవం’ అని రాశాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ మాట చాలా అందంగా వచ్చింది.

వీడ్కోలు రోజుకు పెట్టె వచ్చింది. వచ్చింది కానీ స్టాకు పుస్తకంలోకి ఎక్కలేదు. ఎక్కాలంటే మళ్లీ తూచాలి, కాటాకు ఏటా వేయించే ముద్ర గడువు సరిగ్గా ఆ వారమే తీరిపోయింది. స్టాకులోకి ఎక్కని పెట్టెను విప్పరాదు. అయినా మాకూ మనసుంది కదా! అట్టపెట్టెను అలాగే మోయించి ముందు వరుసలో, ఆవిడ పక్క కుర్చీలో పెట్టించాం. గిటారు గారు వాయించారు. ఇన్నేళ్లలో ఆయన అంత బాగా వాయించగా నేను వినలేదు. అందరం లేచి చప్పట్లు కొట్టాం. ఆవిడ ఆ పెట్టె మీద చేయి ఉంచి మా ముఖాలకేసి చూశారు. ఒక్క క్షణం ఆగి తానూ కొట్టారు.

నాలుగు నెలలకు పెట్టె విప్పాం. అప్పటికి ఆఫీసులో గిటారూ లేదు, గిటారు గారూ లేరు. ఊరికే ఉంచితే ఆడిట్ ఊరుకోదని వెయిటింగ్ హాల్లో టోకెన్లు పిలవడానికి బిగించాం. అయినా ఊరుకోలేదు. ‘గుమాస్తా గారి భార్యకు వినిపించినట్టు రుజువేది?’ అని రాసి పంపారు. కన్వీనరుకు ముద్ద దిగడం మానేసింది.

మొన్న దేవుడు పంపినట్టు గిటారు గారే వచ్చారు. పింఛను ఆగకుండా ఉండాలంటే బతికే ఉన్నానని ఏటా స్వయంగా వచ్చి రాసివ్వాలి. (మరణించినవారికి మినహాయింపు ఉంది.) పక్కన ఆవిడ.

"టోకెన్ నంబర్ అరవై రెండు! మూడో కౌంటర్!" హాలు దద్దరిల్లింది.

ఆవిడ ఉలిక్కిపడి లేచారు. "ఏవండీ, మన నంబరే! వినిపించిందండీ! ఎంత బాగా వినిపించిందో!" ముఖం చేటంతయింది.

కన్వీనరు ఫైలు పట్టుకుని పరుగున వచ్చి మైకు అందుకున్నారు. "అమ్మా, ఆ ముక్కే ఇక్కడ రాసి సంతకం పెట్టండమ్మా!" అని అందులోనే అడిగారు. అదీ వినిపించింది. ఆవిడ సంతోషంగా పెట్టారు. కింద నేను ముత్యాల్లాంటి దస్తూరీతో ‘ప్రయోజనం నెరవేరినది, ఫైలు మూసివేయడమైనది’ అని రాశాను. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఈసారి ఆవిడ ఒక్క క్షణం కూడా ఆగకుండా మాతోపాటే కొట్టారు.

గిటారు గారు కొట్టలేదు. బతికే ఉన్నట్టు ఫారం ఇంకా నింపుతున్నారు.