అంతా పొగ చలవే!

పొగను తిట్టేవాళ్లకు కాపురం చేయడం చేతకాదని నా గట్టి నమ్మకం. ఆరేసిన బట్టలు నల్లబడుతున్నాయట, గొంతులు మండుతున్నాయట! ఆ పొగ వల్ల ఇళ్లల్లో ఎంత శాంతి వెలసిందో ఒక్కరైనా చెప్పారా? నేను చెబుతాను, వినండి.

మాది నాలుగు రోడ్ల కూడలిలో మొదటి అంతస్తు. బస్సులు నేరుగా మా ముందుగదిలోకే నిట్టూరుస్తాయి. ఆ కిటికీ పక్కనే మా ఆవిడ కుట్టుమిషను. ఆవిడ టైలరు.

మునుపు నాకు కోపం వస్తే తప్పు నాదయ్యేది. ఎంత అన్యాయం! ఇప్పుడు గాలి ఎంత చెడిందో ఫోనే అంకె వేసి చెబుతుంది. యాభై లోపైతే మేలు, మూడు వందలు దాటితే దేవుడే దిక్కు. మొన్నామధ్య కళ్లజోడు కనబడలేదని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అది నా నెత్తి మీదే ఉంది.

"నా మీదెందుకండీ అరుస్తారు?" అంది మా ఆవిడ.

ఫోను చూపించాను. "అరిచింది నేను కాదోయ్. మూడు వందల ఇరవై!"

ఆవిడ ఆ అంకె చూసి మళ్లీ మిషను తొక్కుకోసాగింది. ఇంతటి సాక్ష్యం ఏ లాయరుకైనా దొరుకుతుందా?

ఆవిడకు మాత్రం తక్కువ సౌకర్యమా! మా బావమరిది వచ్చి, "కళ్లు అలా ఉబ్బాయేంటక్కా?" అంటే, "పొగరా" అని ఒక్క ముక్కతో తేల్చేసింది. ఇదివరకైతే పాపం, ఏడుపొచ్చినప్పుడల్లా ఉల్లిపాయలు తరుక్కోవలసి వచ్చేది.

నెలలు గడిచేకొద్దీ మా ఇల్లు మరీ ప్రశాంతమైపోయింది. కిటికీలు బంద్. సాయంత్రం నడక బంద్. ఆవిడకు తిండి తగ్గింది, మాట తగ్గింది. చివరికి మిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించకుండా, గోడకేసి చూడసాగింది. ఇంత నిశ్చలత మునులకైనా ఉంటుందా? అయినా ఎందుకో భయమేసి డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను.

డాక్టరమ్మ ముందు తాను దగ్గి, ఆనక మమ్మల్ని చూసింది. "ఆవిడకు దిగులు, మీకు చిరాకు. కొంత మీ ఇద్దరి మధ్యదే అనుకోండి. మిగతాది మీ వీధి జబ్బు. నాలుగు రోజులు మంచి గాలి పీలిస్తే తెరిపిన పడతారు."

"ఎక్కడ దొరుకుతుందండీ?"

"దొరికితే నాకూ చెప్పండి."

పోయిన వారం రెండు రోజులు ఎడతెగని వాన. మూడో రోజు పొద్దున్నే మా ఆవిడ కిటికీలు బార్లా తీసింది. ఫోనులో నలభై! నా గుండెల్లో రాయి పడింది. ఇక ఏం చెప్పుకుని అరవాలి? పైగా టీ చల్లారిపోయి ఉంది. కోపం కోసం కాసేపు ఎదురుచూశాను. రాలేదు.

అప్పుడు వినబడింది, మిషను చప్పుడు మీదుగా కూనిరాగం. కాసేపటికి గొంతు విప్పి పాటే అందుకుంది. పెళ్లయిన కొత్తలో పాడేది. మానేసి ఎన్నాళ్లయిందో నేను గమనించనేలేదు. పేపరు తలకిందులుగా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

పల్లవి అయింది. మొదటి చరణం అయింది. ఇంతలో ఎండెక్కింది, కూడలిలో బస్సులు బారులు తీరాయి. ఆవిడ దగ్గుతూ లేచి కిటికీలు ఒక్కొక్కటే మూసేసింది.

"రెండో చరణం?" అన్నాను.

"గాలి బాగున్నప్పుడు లెండి."

పొగ పంపే పెద్దలారా, మీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ రెండో చరణం ఏ తేదీన వినొచ్చో ఒక్క ముక్క చెప్పండి, చాలు.