గెట్ పాఠం, నీలం గిన్నె

కొత్తగా పెళ్లయినవాళ్లకి ఒక్క మాట. భార్య ఎం.ఏ. ఇంగ్లీషు చదివిందని అతిగా మురిసిపోకండి. నేను మురిసిపోయాను.

పెళ్లయి నాలుగు నెలలు. సుధారాణి కువైట్ వచ్చి రెండు నెలలు. దజీజ్‌లోని గోడౌన్ ఆఫీసు నుంచి సాల్మియా ఫ్లాటుకి బస్సులో వస్తూ నాలో నేనే నవ్వుకుంటుంటాను. పక్క సీటాయన లేచి వేరేచోట కూర్చుంటాడు.

మొదట్లో రోజూ సాయంత్రం సముద్రం ఒడ్డున నడిచేవాళ్లం. వేరుశనక్కాయల పొట్లం ఒక్కటే కొనేవాళ్లం, తీసుకునేటప్పుడు చేతులు తగలాలని. ఆ పొట్లానికి అడ్డం వచ్చింది ఎదురు ఫ్లాటు యొవానా.

యొవానాది రుమేనియా. బేకరీలో కేకులు చేస్తుంది. ఆదివారం ఓ పెద్ద హోటల్లో ఆమెకి ఇంటర్వ్యూ ఉంది, అంతా ఇంగ్లీషులోనే. ఆమెకి అన్నీ వచ్చు, ‘గెట్’ తప్ప.

“మా భాషలో అందుకుంటే ప్రిమి, చేరుకుంటే అజుంజె, అర్థమైతే ఇంత్సెలెజె. మీ ఇంగ్లీషులో అన్నిటికీ ఒకటే గెట్టా?” అని సుధ ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇంగ్లీషు మాదెప్పుడైందో నాకు తెలియదు గానీ, సుధ దాన్ని సొంత పరువుగా తీసుకుంది. రోజూ ఏడు నుంచి తొమ్మిది దాకా మా హాల్లో గెట్ పాఠం. ఉదాహరణలన్నీ నేనే.

“మై హస్బెండ్ గెట్స్ హోమ్ లేట్. ఇది చేరడం. మై హస్బెండ్ గెట్స్ హంగ్రీ. ఇది ఆకలవడం. మై హస్బెండ్ డజ్ నాట్ గెట్ ఇట్. ఇది అర్థం కాకపోవడం.”

యొవానా నావైపు జాలిగా చూసి నోటుబుక్కులో రాసుకునేది.

“నామీద ఒక్క మంచి వాక్యమన్నా లేదా సుధా?”

“ఎందుకు లేదప్పా? హి గాట్ మ్యారీడ్. నువ్వు చేసిన మంచిపని అదొక్కటే. మొదటి రోజే రాయించినా.”

ఈ పాఠానికి మూలం ఎక్కడా అని ఆలోచిస్తే ఒక నీలం గిన్నె దగ్గర తేలింది. సుధ వచ్చిన కొత్తలో యొవానా అందులో కేకు తెచ్చింది. మా కడప వైపు ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వరు. సుధ బొరుగుల ఉగ్గాని పెట్టి ఇచ్చింది. ఇది ఇక్కడి చట్టమేమో అనుకుని, యొవానా అదే గిన్నెలో క్యాబేజీ ఆకుల్లో చుట్టిన అన్నం తెచ్చింది. అప్పట్నుంచి ఆగలేదు. గిన్నె వెంట యొవానా, యొవానా వెంట నోటుబుక్కు.

గిన్నె ఒక్కసారి ఖాళీగా వెళ్తే ఆమె చిన్నబుచ్చుకుంటుంది, రెండు రోజులు రాదు. నాకు సముద్రం దక్కుతుంది. ఇదీ నా పథకం.

గురువారం త్వరగా ఇంటికొచ్చాను. మర్నాడు సెలవు. సుధ స్నానానికి వెళ్లింది. గట్టుమీద గిన్నె నిండా బెల్లం నిప్పట్లు ఉన్నాయి. అన్నీ తినేశాను. గిన్నె కడిగి, ఎదురు గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి పరిగెత్తుకొచ్చాను.

“గిన్నె యాడప్పా?” అంది సుధ తల తుడుచుకుంటూ.

“ఇచ్చేసినా.”

“నిప్పట్లతోనా?”

“ఇచ్చేసినా అంటాండా కదా! పద, బీచికి పోదాం.”

అరగంటకి సుధ తయారై, ఇద్దరం చెప్పులు వేసుకుంటుంటే బెల్లు మోగింది. తలుపు తీస్తే నీలం గిన్నె నిండా కూరతో యొవానా. ఆమె వెనక బిరియానీ డేక్సాతో కింది ఫ్లోరులో ఉండే మా కడప కుల్సుమ్ బీ. ఆమె వెనక సంగటి తపేలాతో ఆ ఫ్లోరులోనే రూములో ఉండే మా వైపు డ్రైవర్ చిన్నపుల్లయ్య.

“ఏం నాయనా, ఆకలికి అల్లాడిపోతాండావంటనే!” అంది కుల్సుమ్ బీ. “ఈ యోహానమ్మ పుస్తకం సదివి ఇనిపిచ్చింది. మాకొక మాట చెప్పగూడదా?”

సంగతి నాకప్పుడు బోధపడింది. ఇన్నాళ్లూ నిండుగా వచ్చిన గిన్నె ఖాళీగా రాగానే యొవానా హడలిపోయి నోటుబుక్కు తెరిచింది. ప్రతి పేజీలోనూ ఆకలేసే నేను, చిక్కిపోయే నేను, జ్వరం తెచ్చుకునే నేను. అది పట్టుకుని మెట్లు దిగింది.

“పని పోయిందా సూర్యా? ఈడ ఉండేదానికి ఇఖామాకేమన్నా ఇబ్బందా?” అన్నాడు చిన్నపుల్లయ్య గొంతు తగ్గించి. “నాలుగు దినాలు మా రూములో తిను. సిగ్గుపడాకు.”

సుధ నావైపు తిరిగింది. నా మీసం మీద నిప్పట్టు ముక్క కనిపించింది కాబోలు, చిటికెన వేలితో తీసి చూసింది. తర్వాత అందరికీ తియ్యగా చెప్పింది.

“ఆకలేం లేదు పిన్నమ్మా. ఆ గిన్నెలో ఎన్ని పూర్ణం ఓళిగలు పడతాయో కొలత చూసుకుని ఇచ్చినాడు. రేపు మీకందరికీ తన చేత్తోనే ఓళిగలు చేసిస్తాడు. ఏమప్పా?”

“నాకు ఓళిగలు చేసేది...”

“వస్తాది. నేను నేర్పిస్తా. నేర్పేదే కదా నా పని. పదండి, ఈయన బీచికి పోవాలంటాండాడు. ఈ కూడంతా ఆడ తిందాం.”

అలా నేను కోరుకున్న సముద్రానికి, నెత్తిన బిరియానీ డేక్సాతో, నలుగురి వెనక నడిచాను. ఇసుకలో నా ముఖం చూసి యొవానా నోటుబుక్కు మూసేసి, ఎవరూ అడక్కుండానే ఇంగ్లీషులో అంది: “సూర్య గాట్ కాట్!”

సుధ ఎగిరి చప్పట్లు కొట్టింది. “ఈ దొరికిపోయే గెట్ నేను చెప్పనేలేదు! నీకు ఉద్యోగం ఖాయం!”

అన్నట్టే ఆదివారం ఆ ఉద్యోగం వచ్చింది. ఆ గురువారం సాయంత్రం వేరుశనక్కాయల పొట్లం కూడా ఒక్కటే కొన్నాం. అందులో నా చేతికి కుల్సుమ్ బీ చెయ్యే ఎక్కువసార్లు తగిలింది.

మర్నాడు నడుం పట్టేదాకా ఓళిగలు చేసి, గిన్నె, డేక్సా, తపేలా మూడూ నింపి నేనే ఇచ్చొచ్చాను.

శనివారం మధ్యాహ్నానికి మూడూ నిండుగా తిరిగొచ్చాయి.

“చూస్తావేమప్పా,” అంది సుధ. “పిండి కలుపు.”